ఎవరూ చచ్చిపోని సీరియల్

డాక్టరు రెండే మాటలు చెప్పింది. మంచం దిగకూడదు, మనసు కష్టపెట్టుకోకూడదు. మొదటిది పండు చేతిలో పని. రెండోదాన్ని చెడగొట్టడానికి మర్నాడు పొద్దున ఇద్దరు ఆడవాళ్ళు రెండు బస్సుల్లో దిగారు.

ఒకరు పండు తల్లి. పెద్దాసుపత్రిలో ముప్ఫయ్యొక్క ఏళ్ళు నర్సుగా చేసి రిటైరయింది. ఇప్పటికీ వంటగదిలోంచి హాల్లోకి నడిచినా వార్డులో రౌండ్లకు బయల్దేరినట్టే ఉంటుంది. రెండోవారు పండు అత్తగారు. బడిపిల్లలకీ ఫ్యాక్టరీవాళ్ళకీ యూనిఫారాలు కుట్టే షాపు ఆవిడది. దారాలు తెంపే చిన్న కత్తెర మెడలో నాడాకి ఎప్పుడూ వేలాడుతూ ఉంటుంది. చుట్టుపక్కలవాళ్ళు ఒకరిని నర్సమ్మ అనీ, ఇంకొకరిని టైలరమ్మ అనీ పిలుస్తారు. వియ్యపురాళ్ళు కాబట్టి వాళ్ళు మాత్రం ఒకరినొకరు 'వదినగారూ' అని పిలుచుకోవాలి. ఏడాదిగా ఆ పిలుపు లేదు.

అపార్టుమెంటు రెండో అంతస్తు మెట్ల మలుపులో ఇద్దరూ ఎదురుపడ్డారు.

"మిమ్మల్నెవరు రమ్మన్నారు?" అంది నర్సమ్మ.

"నా కొడుకు. మిమ్మల్నో?"

"నా కూతురు."

"అయితే ఒకరు చాలుగా. సాయంత్రం నాలుగింటికి వెనక్కి బస్సుంది."

"ఉంటే ఎక్కండి. ఎవరు వద్దన్నారు?"

ఎవరూ ఎక్కలేదు. ఒకరు ముందు నడిస్తే రెండోవాళ్ళు ఓడినట్టవుతుందని ఇద్దరూ పక్కపక్కనే, సంచులు చెరో గోడకీ రాసుకుంటుంటే మూడో అంతస్తుకెక్కారు. తలుపు తీసిన పండు మొగుడి మొహం దొంగకు తేలు కుట్టినట్టయింది. అతను ఏసీ మెకానిక్. ఎండలు ముదిరిన నెల. ఊళ్ళో ఏసీలన్నీ ఒకేసారి చెడిపోయే కాలం. సెలవు మాటెత్తితే ఉద్యోగమే సెలవు. "అమ్మా, అత్తయ్యగారూ, నేను బయల్దేరాలి" అని ఎవరి కళ్ళలోకీ చూడకుండా పనిముట్ల సంచీ భుజానేసుకుని మెట్లు దిగిపోయాడు.

వాళ్ళిద్దరి మధ్యా ఉన్నది చిన్న గొడవ కాదు. పోయినేడాది పండుకి నాలుగో నెలలో కడుపు పోయింది. ఆ రోజు ఆసుపత్రి వరండాలో టైలరమ్మ, "రోజంతా నిలబడే ఉద్యోగం. ఇంక కడుపు ఎలా నిలుస్తుంది?" అంది. పండు కళ్ళద్దాల షాపులో కళ్ళు పరీక్ష చేస్తుంది. నర్సమ్మ వెంటనే, "మీకూ ముగ్గురు పోయాకేగా ఈ ఒక్కడూ మిగిలింది! లోపం ఎవరి వంశంలో ఉందో మీకు తెలీదా?" అంది. రెండు మాటలూ కలిపి అర నిమిషం కూడా పట్టి ఉండదు. ఆ తర్వాత ఏడాదిపాటు ఇద్దరూ కారాలు మిరియాలు నూరుతూనే ఉన్నారు, ఎవరింట్లో వాళ్ళు.

ఇప్పుడు పండుకి ఆరో నెల నిండబోతోంది. గర్భసంచి ముఖం ముందే తెరుచుకుంటోందని డాక్టరు కుట్టు వేసి పంపింది.

"కుట్టంటే ఒక వరసా, రెండా? దారం గట్టిదేనా?" అంది టైలరమ్మ, కోడలి మంచం పక్క నిలబడి.

"ఇది నిక్కరు కాదు వదినగారూ" అంది నర్సమ్మ. ఏడాది తర్వాత ఆ పిలుపు నోట్లోంచి వచ్చింది, అదీ పుల్లవిరుపుగా.

మంచం హాల్లోకి మార్చారు, టీవీకి ఎదురుగా. ఎడమవైపు కుర్చీ నర్సమ్మది, కుడివైపు కుర్చీ టైలరమ్మది. నడుమ పండు, పక్క మీద రిమోటు. నర్సమ్మ వచ్చిన రోజే గోడకి ఒక కాగితం అతికించింది. ఏ గంటకు ఏ మాత్ర, ఏ గంటకు బీపీ, ఏ పక్కకి తిరిగి ఎంతసేపు. అన్నిటికన్నా కింద, 'టీవీ: రోజుకి అరగంట'.

"ఆ అరగంటా నా కొరియా సీరియల్ చూస్తానమ్మా" అంది పండు.

"మళ్ళీ అదేనా? నాలుగుసార్లు చూశావుగా. చూసిందే చూడ్డమేంటే?"

"అందులో ఎవరూ చచ్చిపోరు."

నర్సమ్మ రిమోటు తీసి కూతురి చేతిలో పెట్టింది.

అది పదహారు భాగాల సీరియల్. హీరో లిఫ్టులు బాగుచేస్తాడు. హీరోయిన్ పియానోలకి శృతి సరిచేస్తుంది. మొదటి భాగంలో ఆమె లిఫ్టులో ఇరుక్కుపోతుంది. అతను బయటనుంచి రెండు గంటలు కబుర్లు చెబుతూ తలుపు తెరుస్తాడు. లోపల్నుంచే ఆమె ఆ చప్పుడు విని ఏ చక్రం అరిగిపోయిందో చెబుతుంది. అంతే, ఇద్దరికీ ఒకరి చెవి ఒకరికి, ఒకరి గొంతు ఒకరికి నచ్చేస్తాయి. ఇక మిగతాదంతా వానలు, వేడివేడి టీలు, చెప్పాలనుకుని చెప్పలేని మాటలు. హీరో తల్లి లాండ్రీ నడుపుతుంది. హీరోయిన్ తల్లి ఈత నేర్పుతుంది. లాండ్రీలో ఒక ఖరీదైన కోటు పాడై ఆ తల్లులిద్దరికీ పడదు.

పండు హాస్టల్లో ఉండగా మొదటిసారి చూసింది. నిశ్చితార్థం అయ్యాక కాబోయేవాడిని పక్కన కూర్చోబెట్టి చూపించింది. అతను నాలుగో భాగంలో నిద్రపోయినా పెళ్ళి చేసుకుంది. కడుపు పోయాక, ఎవరితోనూ మాట్లాడలేక, తలుపేసుకుని వరసగా రెండుసార్లు చూసింది. ఇప్పుడు అయిదోసారి. తర్వాత వచ్చేదేమిటో తెలిసి ఉండటమే ఆమెకి కావలసింది.

మాటలన్నీ కొరియా భాషవే, కింద తెలుగు అక్షరాలు పరిగెడతాయి. టైలరమ్మ అయిదో తరగతితో బడి మానేసింది. చదవగలదు గానీ ఆ పరుగుకి ఆగలేదు. మొదట్లో పండే పైకి చదివి వినిపించింది. మూడో రోజుకి ఆయాసం వచ్చింది.

"నువ్వు నోరు మూసుకుని పడుకో. నేను చదువుతా" అంది నర్సమ్మ.

అక్కడే వచ్చింది తంటా. తెర మీద హీరో తల్లి కొడుక్కి చొక్కా ఇస్త్రీ చేస్తూ ఏదో అంది. నర్సమ్మ గొంతు సవరించుకుని చదివింది. "'నా కొడుకంతటివాడు లోకంలో లేడు. వచ్చేది ఎవరైనా సరే వాడి చొక్కాలకే పనికొస్తుంది.'"

టైలరమ్మ మొహం ముడుచుకుంది.

ఇంకాసేపటికి హీరో తల్లి షాపు బయట నిలబడి ఆకాశం వైపు చూస్తూ నాలుగు మాటలంది. నర్సమ్మ చదివింది. "'చదువుకున్న కోడలు నాకొద్దు. లెక్కలడుగుతుంది.'"

టైలరమ్మ రిమోటు లాక్కుంది. బొమ్మని వెనక్కి నడిపి సరిగ్గా ఆ అక్షరాల దగ్గర ఆపింది. కోడలు చేయించిన కళ్ళద్దాలు ముక్కు మీదికి లాక్కుని, వేలితో గాలిలో ఒక్కొక్క అక్షరాన్నీ తడుముతూ, కూడబలుక్కుని చదివింది. "'ఇవాళ... వాన... పడేలా ఉంది. బట్టలు... లోపల... పెట్టాలి.'"

కళ్ళద్దాలు తీసి నర్సమ్మ వైపు తిరిగింది.

"వానకీ కోడలికీ తేడా తెలీకుండా ముప్ఫయ్యొక్క ఏళ్ళు మందులెలా ఇచ్చారు వదినగారూ? చీటీలు కూడా ఇలాగే చదివారా? పాపం, ఎంతమంది పోయారో!"

"కళ్ళజోడు లేదు, మసకగా కనిపించింది."

"మసకలో కూడా మా ఇంటి మీద బురదే కనిపిస్తుంది మీకు."

పండుకి నవ్వొచ్చింది. కానీ నవ్వితే కడుపు బిగుస్తుందేమోనని పెదవి కొరుక్కుని గోడవైపు తిరిగింది. మర్నాటినుంచి ప్రతి వాక్యం దగ్గరా టైలరమ్మ బొమ్మ ఆపి సొంతంగా చదువుకోవడం మొదలుపెట్టింది. అరగంట సీరియల్ గంటన్నర అయింది. గోడమీది కాగితం ప్రకారం అరగంటకే టీవీ కట్టెయ్యాలని నర్సమ్మ, ఆపిన సమయం లెక్కలోకి రాదని టైలరమ్మ. పదేళ్ళ పిల్లల్లా రోజూ అదే తగువు.

అంతటితో ఆగితే బాగుండేది. నర్సమ్మ కిటికీకి తెర కడితే టైలరమ్మ అది కుచ్చులు తప్పిందని విప్పి మళ్ళీ కుట్టింది. టైలరమ్మ కాచిన జావలో ఉప్పెక్కువని నర్సమ్మ సింకులో పారబోసి ఇంకోటి కాచింది. పండు రెండూ తాగాల్సి వచ్చింది. సాయంత్రం ఇంటికొచ్చిన మొగుడు గుమ్మంలోనే బూట్లు విప్పుతూ, "ఎలా ఉంది?" అని గుసగుసగా అడిగేవాడు. "నాకా, ఇంటికా?" అనేది పండు. అతను తలుపు దగ్గరే ఇంకాస్తసేపు బూట్లు విప్పుతూ ఉండిపోయేవాడు. ఒక ఒరలో రెండు కత్తులు ఇముడుతాయా? ఒర పని పండుది, కొట్టుకునేవాళ్ళకి అది గుర్తు లేదు.

ఇరవై రెండో రోజు మధ్యాహ్నం పదకొండో భాగం నడుస్తోంది. హీరోయిన్‌కి జ్వరం వస్తే హీరో తల్లి గుట్టుగా వచ్చి తలుపు దగ్గర సూపు గిన్నె పెట్టి వెళ్ళిపోయే చోటు. పండుకి ఇష్టమైన చోటు. నర్సమ్మ లేచి కూతురి కాళ్ళ కింద రెండు దిళ్ళు పెట్టింది. టైలరమ్మ ఒక దిండు తీసేసింది.

"ఎందుకు తీశారు?"

"నడుం వంగిపోతోంది. పిల్ల అవస్థ కనపడట్లేదా?"

"పెట్టమన్నది డాక్టరు."

"డాక్టరు ఒకటి అంది. రెండోది మీ పెత్తనం."

నర్సమ్మ దిండు లాక్కుంది. టైలరమ్మ రెండో కొస పట్టుకుంది. కోడలి కాళ్ళ మీద ఆ దిండు అటూ ఇటూ ఊగింది.

"వదలండి! పోయినసారి మీ ఇంట్లో చేసింది చాలు. నా కూతురి కడుపు మీరే పోగొట్టారు."

"మేమా? నర్సువై ఉండి కూడా కూతుర్ని కాపాడుకోలేని దానివి నువ్వు, నన్నంటావా?"

'మీరు' కాస్తా 'నువ్వు' అయింది. గొంతులు మెట్లదాకా పాకాయి. తెర మీద సూపు గిన్నె దగ్గర నెమ్మదిగా పియానో మోగుతూనే ఉంది.

"ఆపండి" అంది పండు. ఎవరూ వినలేదు.

"ఆపమన్నానా!"

ఆ అరుపుకి దిండు కింద పడింది. పండు ఎప్పుడూ గొంతెత్తదు. షాపులో రోజుకి వందసార్లు, 'ఇది బాగా కనిపిస్తోందా, ఇదా?' అని ఓపిగ్గా అడిగే మనిషి. ఇప్పుడు ఆమె మొహం ఎర్రబడి, మెడ నరాలు తేలాయి.

"నిజం కావాలా? చెప్తా, వినండి. అత్తయ్యా, పోయినసారి మీ షాపులో స్కూళ్ళు తెరిచే వారం నాచేత యూనిఫారం మూటలు మోయించారు. మూడు రోజులు, మెట్ల మీదుగా. నీళ్ళోసుకున్నానని నేను చెప్పలేదు, మీరు అడగలేదు. ఆ సంగతి అమ్మకి చెప్తే మిమ్మల్ని బతకనివ్వదని ఇన్నాళ్ళూ చెప్పలేదు. అమ్మా, నొప్పి మొదలైనప్పుడు సాయంత్రం ఆరింటికి నీకు ఫోన్ చేశాను. 'నడుం నొప్పా? మామూలే, పడుకో' అన్నావు. పడుకున్నాను. తెల్లారేసరికి అయిపోయింది. అది అత్తయ్యకి తెలిస్తే నీ నర్సు చదువుని వీధిలో పెడుతుందని చెప్పలేదు. మీ ఇద్దర్నీ ఒకరినుంచి ఒకర్ని కాపాడుతూ ఏడాది బతికాను. నన్నెవరు కాపాడారు?"

నర్సమ్మ కింద పడిన దిండు తియ్యబోయింది.

"బయటికి పొండి. ఇద్దరూ."

"పండూ..."

"పోతారా, నేను లేవనా?" అంటూ ఆమె మోచేతి మీద ఆని, ఒక కాలు మంచం అంచుకి జరిపింది.

మంచంలో పడున్న మనిషికి అంతకన్నా ఆయుధం ఏముంటుంది? నర్సమ్మ చెప్పులు కూడా వేసుకోకుండా గుమ్మం దాటింది. వెనకే టైలరమ్మ. తలుపు దానంతటదే టక్కుమని పడింది. ఒకసారి పడితే బయటినుంచి తాళంచెవి లేనిదే రాదు. తాళంచెవి లోపల మేకుకి వేలాడుతోంది. రెండోది అల్లుడి జేబులో, ఊరికి ఆ చివర.

ఇద్దరూ పై మెట్టు మీద కూర్చున్నారు, మధ్యలో ఇద్దరు పట్టేంత ఖాళీ వదిలి. లోపల్నుంచి సీరియల్ పాట వినిపిస్తోంది. పై అంతస్తుకి సామాన్లు మోసుకెళ్తున్న డెలివరీ అతను, "కాస్త జరగండమ్మా" అంటే ఇద్దరూ చెరో గోడకీ జరిగారు. అతను వెళ్ళాక మళ్ళీ దగ్గరికి రాలేదు.

"మామూలే అన్నారా?" అంది టైలరమ్మ, మెట్ల వైపే చూస్తూ.

"ముప్ఫయ్యొక్క ఏళ్ళు రోజుకి పదిమందికి అన్నాను ఆ మాట. దాదాపు అందరికీ మామూలే అయింది." నర్సమ్మ తన ఉత్త పాదాలు చూసుకుంది. "నా ఇంట్లోనే కాలేదు."

టైలరమ్మ మెడలోని కత్తెర నాడాని వేలికి చుట్టుకుంది.

"మూటలెంత బరువుంటాయి?" అంది నర్సమ్మ.

"నేను ఎత్తేవి. మగవాళ్ళు ఎత్తేవి. పిల్ల నవ్వుతూ ఎత్తింది, నేను చూస్తూ ఊరుకున్నాను. ఆ వారం నాకు గుడ్డ తప్ప మనుషులు కనపడరు."

"మూటలవల్ల పోలేదు లెండి. లోపలే నిలిచే బలం లేదు, అందుకేగా ఇప్పుడు కుట్టేశారు. ఎవరి వంశమూ కాదు, ఏ ఉద్యోగమూ కాదు. నాకు అప్పుడే తెలుసు."

టైలరమ్మ గిరుక్కున తిరిగింది. "తెలిసే అన్నారా? మా వంశం, మా లోపం అని?"

"నన్ను నేను అనుకోలేక."

"బాగుంది. మీ బరువు నా నెత్తికెత్తి ఏడాది తిరిగారు. రాత్రిళ్ళు ఆ ముగ్గుర్నీ తలుచుకుని, నిజంగా నాలోనే ఉందేమో ఆ శని అని ఏడ్చాను. నా కొడుక్కి కూడా అంటించానేమోనని ఏడ్చాను. మిమ్మల్ని నేను క్షమించను."

"నేనడగలేదు."

"అడిగినా క్షమించను."

"సరే" అంది నర్సమ్మ.

అప్పుడే లోపల్నుంచి పండు గొంతు వినిపించింది. మొదట సన్నగా, తర్వాత గట్టిగా. "అమ్మా... అత్తయ్యా... ఎవరైనా రండి. కడుపు రాయైపోతోంది."

ఇద్దరూ ఒకేసారి తలుపు మీద పడ్డారు. లోపల మంచం కిర్రుమంది. "లేవద్దు!" అని అరిచింది నర్సమ్మ. "నీ కాలు నేలకి తగిలిందంటే చూడు! ఎడమపక్కకి తిరుగు. తిరిగావా? ఎడమపక్క!"

"తిరిగాను."

తలుపు రాదు. మెకానిక్ ఇంటి తలుపు, గట్టిగా బిగించుకున్నాడు. నర్సమ్మ భుజంతో రెండుసార్లు గుద్ది వెనక్కి తూలింది. టైలరమ్మ మాత్రం వరండా వైపు చూసింది. వంటింటి కిటికీ వరండాలోకే ఉంది. ఊచలు లేవు. దోమలు రాకుండా బిగించిన వల ఒక్కటే అడ్డం. మెడలోని కత్తెర తీసి వల మూలలో పొడిచి, పైనుంచి కిందికి, కింద నుంచి పక్కకి పరపరా కత్తిరించింది. మూడు కత్తిరింపులకి మనిషి పట్టే సందు అయింది.

"నేను పట్టను. మీరెక్కండి" అంటూ మోకాళ్ళ మీద వంగి వీపు చూపించింది.

అరవై రెండేళ్ళ నర్సమ్మ వియ్యపురాలి వీపు మీద కాలు పెట్టింది.

"మీ మాటలకన్నా మీ మనిషి బరువు" అంది కింద నుంచి టైలరమ్మ, పళ్ళు బిగించి.

"మీ నోటికన్నా మీ వీపు మెత్తన" అని పైనుంచి నర్సమ్మ. రెండో కాలు భుజం మీద వేసి, గట్టిగా తన్ని, లోపలికి పాకి సింకులో గిన్నెల మీద పడింది. మోచేయి చీరుకుంది. చూసుకోలేదు.

పండు మొహం చెమటతో తడిసి ఉంది. నర్సమ్మ ఒక చెయ్యి కూతురి కడుపు మీద వేసి, రెండో చేతి గడియారం చూసింది. బిగిసింది. వదిలింది. ఏడు నిమిషాలకి మళ్ళీ బిగిసింది. రక్తం లేదు, నీళ్ళు పోలేదు. "మామూలే కదమ్మా?" అంది పండు, కళ్ళు తల్లి మొహం మీదే పెట్టి.

"కాదు" అంది నర్సమ్మ. "ఆసుపత్రికి పోదాం."

ఆమె తలుపు తీసేసరికి టైలరమ్మ అప్పటికే పక్క ఫ్లాటు బెల్లు కొట్టి, వాళ్ళ ఫోను లాక్కుని అంబులెన్సుకి చెప్పేసింది. ఇంటి నంబరు, అంతస్తు, మెట్లు ఎన్ని, స్ట్రెచరు మలుపులో తిరుగుతుందా లేదా అన్నీ. తర్వాత కొడుక్కి చేసి, ఒక్క మాట అంది. "పనిముట్లు అక్కడే పడేసి ఆసుపత్రికి రా."

అంబులెన్సులో ఒక్కరినే ఎక్కనిస్తామన్నారు.

"మీరెళ్ళండి" అంది టైలరమ్మ. "వాళ్ళతో వాళ్ళ భాషలో మాట్లాడాలి. కానీ చెప్తున్నా, ఈసారి పిల్లకేమైనా అయిందంటే మిమ్మల్ని వదలను."

"వదలొద్దు" అంది నర్సమ్మ, ఎక్కుతూ.

నొప్పుల్ని మందులతో ఆపారు. కుట్టు నిలిచింది. నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉంచి ఇంటికి పంపారు. ఆ నాలుగు రోజులూ పండు తల్లితో గానీ, అత్తగారితో గానీ అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడలేదు. చెప్పేసిన తర్వాత తేలికపడతానని అనుకుంది. లేదు, కోపం ఇంకా పెరిగింది. ఇన్నాళ్ళూ దాచడంలోనే ఖర్చైపోయిన కోపం ఇప్పుడు పని లేక ఆమె మీదే కూర్చుంది. "ఇద్దర్నీ పంపించెయ్యనా?" అని మొగుడు అడిగాడు. "ఎవరుంటారు మరి నా దగ్గర, నువ్వా?" అంది. అతను తల దించుకున్నాడు.

ఇంటికొచ్చిన రోజే పండు మూడు షరతులు పెట్టింది. "నా గురించి మీరిద్దరూ నాతోనే మాట్లాడాలి. మీ ఇద్దరి గొడవ మీరు వంటింట్లో పడండి, తలుపేసుకుని. సీరియల్ నడుస్తున్నంతసేపూ ఎవరూ నోరెత్తకూడదు."

అలాగే జరిగింది. వంటింటి తలుపు వెనక రోజూ ఒక గంట ముష్టియుద్ధంలా మాటలు నడిచేవి. వంశాలు, వండటాలు, పెళ్ళిలో ఎవరు ఎవరికి నీళ్ళివ్వలేదు, ఎవరి తమ్ముడు తాగి పడిపోయాడు, ఏదీ వదల్లేదు. తలుపు తెరుచుకునేసరికి ఇద్దరి మొహాలూ కాగిపోయి ఉండేవి. అయినా పండు వైపు ఒక్క మాటా విసిరేవాళ్ళు కారు. వాళ్ళ నడుమనుంచి తను తప్పుకున్నానని పండుకి అర్థమైంది. వాళ్ళు ఇంకా కొట్టుకుంటూనే ఉన్నారు, కానీ దెబ్బలు తన మీద పడడం లేదు.

పద్నాలుగో భాగంలో హీరో తల్లీ, హీరోయిన్ తల్లీ వానలో ఎదురుపడతారు. ఆ పాడైన కోటు గురించి ఒకరు మొదలెడతారు, రెండోవారు ఏడుస్తారు, చివరికి ఒకే గొడుగు కింద ఒకర్నొకరు కావలించుకుంటారు. నాలుగుసార్లూ అక్కడ పండు ఏడ్చింది. ఇప్పుడు కూడా కళ్ళు చెమర్చాయి.

"కోటు కోసం పద్నాలుగు భాగాలు కొట్టుకుని, గొడుగు కింద తీరిపోయిందా?" అంది టైలరమ్మ, షరతు మరిచి.

"ఇది జరిగే పనేనా?" అంది నర్సమ్మ.

ఇద్దరూ ఒకరి వంక ఒకరు చూసుకుని, వెంటనే మొహాలు తిప్పేసుకున్నారు. ఆ ఇంట్లో ఇద్దరూ ఒప్పుకున్న మొదటి మాట అది.

ఒకరోజు మధ్యాహ్నం నర్సమ్మ మందులకి వెళ్ళినప్పుడు టైలరమ్మ మంచం అంచున కూర్చుంది. చేతిలో చిన్నచిన్న జేబులున్న జుబ్బా, పుట్టబోయే బిడ్డకి. కుట్లు చూస్తూ, "మూటల సంగతి..." అంది.

"వద్దులెండి అత్తయ్యా."

"వద్దనకు, వినవే. నువ్వు చెప్పలేదన్నావు. నిజమే. కానీ మూడు రోజులు నువ్వు మధ్యాహ్నం అన్నం తినలేదు. చూశాను. షాపులో పని తెమిలితే చాలనుకుని అడగలేదు. అడగాల్సింది నేను." కత్తెరతో దారం తెంపింది. "నువ్వు క్షమించకపోయినా నేనేమనుకోను. మీ అమ్మని నేను క్షమించలేదుగా."

పండు చెయ్యి చాపి ఆ జుబ్బా తీసుకుని, జేబులో రెండు వేళ్ళు పెట్టి చూసింది. అత్తగారు లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

తల్లి మాత్రం నోరు తెరిచి ఏమీ చెప్పలేదు. కానీ పండు 'అబ్బా' అన్నప్పుడల్లా, అది చీమ కుట్టినా సరే, చేతిలో పని వదిలేసి వచ్చి కడుపు మీద చెయ్యి వేసి గడియారం చూసేది. 'మామూలే' అన్న మాట ఆ నోటినుంచి మళ్ళీ రాలేదు. పండుకి అది చాలలేదు. 'తప్పు నాదే' అని ఒక్కసారైనా అంటుందని చూసింది. అనలేదు. కొన్నాళ్ళకి చూడ్డం మానేసింది.

బిడ్డ నెల రోజుల ముందే పుట్టింది. ఆడపిల్ల. రెండు కేజీలు కూడా లేదు, ఏడుపు మాత్రం వార్డంతా వినిపించింది. ముక్కు మా వైపుదని టైలరమ్మ, గొంతు మీ వైపుదని నర్సమ్మ. మత్తు దిగని పండు ఆ తగువు వింటూ వింటూ నిద్రపోయింది.

పిల్లకి మూడో నెల వచ్చాక ఇద్దరూ వెళ్ళిపోయారు, వేరు వేరు రోజుల్లో, వేరు వేరు బస్సుల్లో. ఎవరు ముందు వెళ్ళాలన్నదాని మీద కూడా రెండు రోజులు గొడవైంది. పండు ఉద్యోగంలో చేరింది. పగలు పిల్లని చూసుకోవడానికి ఎవరికి వీలైన వారం వాళ్ళు వస్తున్నారు. మంచం మళ్ళీ పడగ్గదిలోకి వెళ్ళింది.

మొన్న ఆదివారం టైలరమ్మ ఫోన్ చేసింది. పిల్ల ఎంత తాగుతోంది, ఎంత పడుకుంటోంది అన్నీ అయ్యాక, "మీ అమ్మ ఏమంటోంది?" అంది.

"మీ గురించే అడిగింది అత్తయ్యా. మీరు ఏ వారం వస్తారని."

"ఆవిడకెందుకు?"

"ఆ వారం తను రాకుండా ఉండటానికట."

అవతల్నుంచి కుట్టుమిషను చప్పుడు కాసేపు ఆగింది.

"అయితే ఏ వారమో చెప్పకు" అంది టైలరమ్మ, ఫోను పెట్టేస్తూ.